దానికి నొప్పి పుట్టదా తాతా?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. ఇంట్లో దూరిన పామును పట్టి బయట వదిలేటప్పుడు దానికి నొప్పి పుట్టదా అని అడిగారు. పుడుతుంది, పట్టేవాడికి పని రాకపోతే. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా నన్ను ఈ ప్రశ్న అడిగిన పెద్దవాళ్లు బహు తక్కువ. మిగతా వాళ్లందరికీ కావలసింది "కరుస్తుందా, విషముందా" అన్న రెండు ముక్కలే. అందుకని మీకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక మాట. ఈ పని ఎలా జరుగుతుందో మీకు తెలియాలని రాస్తున్నానే గానీ, మీరు చెయ్యాలని కాదు. శిక్షణ పొందినవాళ్లు, పనిముట్లు ఉన్నవాళ్లు, అధికారుల అనుమతి ఉన్నవాళ్లు మాత్రమే చెయ్యాల్సిన పని ఇది. చాలా దేశాల్లో అడవి పాముల్ని ఎవరుపడితే వాళ్లు పట్టుకోవడం చట్టరీత్యా నేరం కూడా. మీ వంతు పని వేరే ఉంది. అది తర్వాత చెప్తా.

పాము ఒళ్లు ఎలా ఉంటుందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మన వెన్నులో ముప్పై చిల్లర పూసలుంటే పాము వెన్నులో 200 నుంచి 400 దాకా ఉంటాయి. తోక భాగం మినహా దాదాపు ప్రతి పూసకీ ఒక జత సన్నటి పక్కటెముకలు. గుండె, కాలేయం, కడుపు అన్నీ పొడుగ్గా సాగి, ఆ సన్నటి ఒంట్లో సర్దుకుని ఉంటాయి. చాలా పాములకు కుడి ఊపిరితిత్తే సరిగా పనిచేస్తుంది, ఎడమది ఉంటే చిన్నగా ఉంటుంది, లేకపోతే లేదు. ఇంత పొడుగు ఒంటి బరువునూ ఎప్పుడూ కింద ఉన్న నేలో, కొమ్మో, నీళ్లో మోస్తుంటాయి. అలాంటి ప్రాణిని తోక పట్టుకుని గాల్లో వేలాడదీస్తే ఆ బరువంతా పూసల కీళ్ల మీద పడుతుంది. చంటిపిల్లను ఒక్క చెయ్యి పట్టుకుని పైకి లేపితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. అప్పుడే ఎలుకను మింగిన పామయినా, కడుపులో గుడ్లున్న పామయినా మరీ ప్రమాదం.

మెడ సంగతి ఇంకా సున్నితం. పాము తల వెన్నుతో ఒకే ఒక్క ఎముక బొడిపె దగ్గర కలుస్తుంది. కర్రతో మెడ మీద అదిమి పట్టేవాళ్లు సరిగ్గా అక్కడే నొక్కుతారు. పైకి చిన్న గీత కూడా కనబడదు. పామును తీసుకెళ్లి పొదల్లో వదిలేస్తారు, అది పాకుతూ వెళ్లిపోతుంది, చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. లోపల ఎముక చిట్లినా, దవడ దెబ్బతిన్నా ఆ పాము వేటాడలేదు, మింగలేదు. అది ఏమైందో చూడ్డానికి అక్కడ ఎవరుంటారు?

ఇప్పుడు రెండో సగం. పాము మనల్ని తినడానికి కరవదు. మనం దాని నోట్లో పట్టం. విషం అసలు ఎరను పడగొట్టడానికి దాచుకున్నది, దాన్ని మళ్లీ తయారుచేసుకోవడానికి ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. అందుకే ముందు కదలకుండా ఉండి చూస్తుంది, తర్వాత పారిపోదామని చూస్తుంది, అదీ కుదరకపోతే బుస కొడుతుంది, పడగ విప్పుతుంది. అన్ని దారులూ మూసుకుపోయాక, మీద చెయ్యి పడ్డాక కాటేస్తుంది. అన్ని పాములూ ఈ వరస పాటిస్తాయనుకోకండి, రక్తపింజరి లాంటివి చుట్ట చుట్టుకున్న చోటునుంచే రెప్పపాటులో కొడతాయి. మొత్తం మీద పాముకు నొప్పి పుట్టించే పని ఏదైనా పట్టేవాడికీ ప్రమాదమే. మెత్తగా చేస్తే ఇద్దరికీ క్షేమం. నేను కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇదే. ఒంటి మీద చెయ్యి ఎంత తక్కువ పడితే పని అంత బాగా చేసినట్టు.

ఇంట్లో పాము ఉందని పిలుపు వస్తే నేను ముందు పాము దగ్గరికి వెళ్లను. జనాన్ని బయటికి పంపిస్తా. పిల్లల్ని, కుక్కల్ని, పిల్లుల్ని వేరే గదిలోకి తోలి తలుపు వేయిస్తా. ఎవరైనా ఫినాయిలో కిరసనాయిలో తెచ్చి చల్లబోతుంటే ఆపుతా, అవి పాము కళ్లనూ నోటినీ మండించి దాన్ని పిచ్చెత్తిస్తాయి తప్ప బయటికి పంపవు. పాముకు మనలా బయటికి కనిపించే చెవులు లేవు. నేల అదురును దవడ ఎముకల గుండా లోపలి చెవితో పసిగడుతుంది, గాల్లో వచ్చే మంద్ర ధ్వనులు కొన్ని వింటుంది. కాబట్టి మీరు గొంతు చించుకుని అరవడం కన్నా గదిలో అటూ ఇటూ పరిగెత్తడమే దాన్ని ఎక్కువ బెదరగొడుతుంది. ఆ సందడి తగ్గాక లోపలి తలుపుల కింద గుడ్డలు కుక్కి, బయటికి తెరుచుకునే తలుపు ఒక్కటి తీసి పెడితే, చాలాసార్లు పాము తనంతట తానే వెళ్లిపోతుంది. ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి లేదు. చూసేవాళ్లకు మాత్రం ఇందులో మజా ఉండదు, వీడియోలో పెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అది వెళ్లదు, బీరువా వెనక ఇరుక్కుని కూర్చుంది అనుకోండి. అప్పుడు సంచి, గొట్టం. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇది. ముదురు రంగు గుడ్డ సంచి మూతిని ఒక ప్లాస్టిక్ గొట్టానికి బిగించి కడతాం. నీళ్ల పైపుకు వాడే గొట్టమే, పాము ఒంటి కన్నా కొంచెం వెడల్పుగా ఉంటే చాలు. ఆ గొట్టాన్ని గోడవారగా, పాము పోవాలనుకుంటున్న వైపే పెడతాం. భయపడ్డ పాముకు కావలసింది చీకటి, ఇరుకు, ఒంటికి రెండు పక్కలా ఏదో తగులుతుండటం. గొట్టంలో ఆ మూడూ ఉన్నాయి. నేను ఎడంగా నిలబడి పొడుగాటి కొక్కెం కర్రతో తోక వైపు నేలను మెల్లిగా తాకుతా, అంతే. పాము గొట్టం అంచు దగ్గరికొచ్చి ఆగుతుంది. నాలుక బయటికి, లోపలికి. గాల్లో వాసనలను ఆ రెండు మొనల నాలుకతో పట్టి అంగిట్లో ఉన్న ప్రత్యేకమైన అవయవానికి అందిస్తుందది. ఈ క్షణంలో తొందరపెడితే వెనక్కి తిరిగేస్తుంది, కాబట్టి ఊపిరి బిగబట్టి నిలబడాలి. తల కొంచెం లోపలికి పెడుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ తర్వాత ఒళ్లంతా ఏ తొందరా లేకుండా జారుకుంటూ వెళ్తుంది, చివర తోక మొన కూడా మాయమవుతుంది. మీరు నమ్మరు గానీ, నేను పాములు పట్టడం చూడాలని వచ్చినవాళ్లు "ఇంతేనా?" అంటారు. ఇంతే.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే మొదలవుతుంది. పాము సంచిలో ఉంది కదా అని చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. కోరలు గుడ్డలోంచి సులువుగా దిగుతాయి. అందుకని గొట్టం తియ్యకముందే సంచిని మెలితిప్పి, పాము అడుగున ఉందని చూసుకుని, మెలికకు కింద ఒక కర్ర అడ్డంగా నొక్కి పెట్టి, అప్పుడు ముడి వెయ్యాలి. మొయ్యాల్సింది ముడికి పైన పట్టుకుని, కాళ్లకు దూరంగా. వెంటనే మూత బిగిసే, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టి మీద "విషసర్పం" అని రాయాలి. సంచిలో చెయ్యి పెట్టే పని ఎప్పుడూ లేదు. జోసెఫ్ స్లోవిన్‌స్కీ అనే అమెరికా శాస్త్రవేత్త 2001 సెప్టెంబరు 11న ఉత్తర మయన్మార్ అడవుల్లో ఉండగా, విషం లేనిదనుకున్న సన్నటి పిల్లపాము కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. అది కట్లపాముల జాతిది. సాయం అందేలోపే మర్నాడు చనిపోయాడు. అతనికి పాముల గురించి తెలియనిదేమీ కాదు, విషసర్పాల మీద పేరున్న పరిశోధకుడు. పోలికలు మోసం చేస్తాయి. జెర్రిపోతును చూసి నాగుపామనీ, కొండచిలువ పిల్లను చూసి రక్తపింజరి అనీ, దానికి తలకిందులుగా రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనీ అనుకునేవాళ్లను నేను చాలామందిని చూశా. అందుకే పోల్చుకోలేని ప్రతి పామూ విషం ఉన్నదే అన్నట్టు మెలగాలి.

గొట్టానికి లొంగని చోట కొక్కెం కర్ర వాడతాం. దాంతో పొడవడం, నొక్కడం ఉండదు. పాము ఒంటి కిందుగా పోనిచ్చి, తలకు దూరంగా బరువు సమంగా ఉండేచోట ఎత్తుతాం. పెద్దదైతే రెండు కొక్కేలు, ఒళ్లంతా ఆనేలా. పట్టుకారు మాత్రం నేను వీలైనంతవరకూ ముట్టను. మన చేతికి పట్టుకారు మొన దూరం, ఆ మొనకు బలం ఎక్కువ, ఎంత గట్టిగా నొక్కుతున్నామో మనకు తెలియదు, పక్కటెముకలకు తెలుస్తుంది. కుబుసం విడిచే ముందు పాము కళ్లు పాలరంగులోకి తిరుగుతాయి, చూపు మసకబారుతుంది, చిరాగ్గా ఉంటుంది. అలాంటిదాన్ని ఇంకా నెమ్మదిగా కదిలించాలి. తోట వలలో చిక్కుకున్నదైతే లాగకూడదు, వలనే పాము చుట్టూ కత్తిరించి, ఆ ముక్కతో సహా సంచిలోకి చేర్చి, పశువైద్యుల దగ్గర విడిపించాలి.

ఆ డబ్బాను ఎండలో గానీ, మూసిన కారులో గానీ ఉంచకూడదు. పాము తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు, చల్లటి చోటికి పాకిపోయే వీలు లేకపోతే ఉడికి చచ్చిపోతుంది. ఆకలేస్తుందేమోనని ఏమీ పెట్టొద్దు. బెదిరిన పాము తిన్నదే కక్కేస్తుంది, మళ్లీ ఏం తింటుంది? ఫొటోల కోసం బయటికి తియ్యడం, మెళ్లో వేసుకోవడం, పడగకు ముద్దు పెట్టడం... వీటి గురించి రాయాలంటే నాకు కోపం వస్తుంది, వదిలేస్తున్నా.

ఎక్కడ వదలాలి? "దూరంగా, పెద్ద అడవిలో వదిలేయండి, మళ్లీ రాకుండా" అంటారు ఇంటివాళ్లు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ పాముకు తన ప్రాంతం తెలుసు. ఏ బొరియ చల్లగా ఉంటుందో, నీళ్లెక్కడో, ఎరలు ఏ దారిన వస్తాయో నేర్చుకుని ఉంటుంది. ఎక్కడికో తీసుకెళ్లి పడేస్తే దారీ తెన్నూ తెలియక తిరుగుతుంది, బలహీనపడుతుంది, రోడ్ల మీద పడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో గిలక పాములకు రేడియో పరికరాలు అమర్చి చేసిన పరిశీలన 1999లో అచ్చయింది. దూరం తీసుకెళ్లి వదిలిన వాటిలో సగానికి పైగా చనిపోయాయి, అక్కడే పుట్టి పెరిగిన వాటిలో చనిపోయినవి చాలా తక్కువ. అందుకే అధికారులు ఒప్పుకునే చోట, ఇళ్లకు ఎడంగా, దొరికిన ప్రాంతానికి దగ్గర్లోనే, అదేరోజు వదులుతా. మిట్టమధ్యాహ్నం కాదు. పొదల నీడ పక్కన సంచిని నేల మీద పెట్టి, కర్రతో ముడి విప్పి, మూతి పొదవైపు తిప్పి, వెనక్కి జరిగి నిలబడతా. విదిలించి పడెయ్యడం లేదు.

ఇక మీ వంతు. పామును చూస్తే కదలకుండా ఆగి, మెల్లిగా వెనక్కి నడిచి, పెద్దవాళ్లను పిలవండి. అది మాయమైతే వెతకడం గంటల పని, కాబట్టి దూరం నుంచి ఒకరు దాని మీద కన్నేసి ఉంచితే నాలాంటివాడికి ఎంతో సాయం. చచ్చినట్టు కనిపించినా ముట్టుకోవద్దు, తెగిపడిన తలకు కూడా కొంతసేపు కరిచే శక్తి ఉంటుంది. రాత్రిపూట చీకట్లో నడవాల్సివస్తే టార్చి వెయ్యండి, చెప్పుల్ని దులిపి తొడుక్కోండి.

ఒకవేళ కాటు పడితే పరుగు పెట్టకూడదు. కరిచిన చేతినో కాలినో కదలనివ్వకుండా, ఉంగరాలూ గాజులూ తీసేసి, నేరుగా పాము విషానికి మందు ఉండే ఆస్పత్రికి. కొయ్యడం, నోటితో పీల్చడం, బిగించి తాడు కట్టడం ఏవీ వద్దు. పామును పట్టి తీసుకెళ్లాల్సిన పనీ లేదు. కట్లపాము కాటు నొప్పి లేకుండా, గాటు కూడా సరిగా కనపడకుండా పడొచ్చు. నిద్రలేచేసరికి కనురెప్పలు వాలిపోతున్నా, మింగుడు పడకపోయినా ఆలస్యం చెయ్యొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 54 లక్షల మందిని పాములు కరుస్తున్నాయి, 81,000 నుంచి 1,38,000 మంది దాకా చనిపోతున్నారు. వేళకు సరైన వైద్యం అంది ఉంటే వీళ్లలో ఎంతోమంది బతికేవాళ్లు.

చివర్లో చిన్న అక్షరాలతో ఒకటి అడిగారు, చదివాను. బకెట్లో మూతేసి ఒక్క రాత్రి ఉంచుకుని చూడొచ్చా అని. వద్దు. కుబుసం దొరికితే మాత్రం, పాము దగ్గర్లో లేదని పెద్దవాళ్లు చూశాక, తెచ్చుకుని భూతద్దంతో చూడండి. తల భాగం చిరిగిపోకుండా ఉంటే కళ్ల దగ్గర రెండు గుండ్రటి పారదర్శకమైన బిళ్లలు కనిపిస్తాయి. పాముకు కదిలే రెప్పలుండవు, కంటి మీద ఆ బిళ్లే కాపు, అది కూడా కుబుసంతో పాటే ఊడొస్తుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. కుబుసం ఊడేటప్పుడు సాగుతుంది, అసలు పాము కన్నా పొడుగ్గా ఉంటుంది. కాబట్టి దాన్ని కొలిచి "ఇంత పాము చూశాం తాతా" అని మాత్రం నాకు రాయకండి.

ప్రేమతో,
మీ తాతయ్య