సూర్యలంక పోతున్న పిల్లలకు

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకు ముందు మీ బడివాళ్లు మిమ్మల్ని సూర్యలంక సముద్రానికి తీసుకుపోతున్నారని తెలిసి సంతోషపడ్డాను. మిర్యాలగూడ దాటాక వాడపల్లి వస్తుంది. అక్కడ మన మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. బ్రిడ్జి మీద బస్సు పోయేటప్పుడు ఒకసారి కిందికి చూడండి. బాపట్ల అవతల మీరు తొక్కబోయే ఇసుకలో ఆ నది మోసుకుపోయిన వాటా ఉంది.

మన నల్లగొండ గుట్టలైనా, పాలమూరు గుట్టలైనా ఎక్కువగా గ్రానైటు రాయే. లక్షల ఏళ్ల ఎండకూ వానకూ ఆ రాయి పగిలి, అరిగి, పొడి అవుతుంది. అందులో మెత్తటి భాగం మట్టవుతుంది. పలుగురాయి రేణువులు మాత్రం అరగక ఇసుకగా మిగులుతాయి. డిండి, మూసీ, అలంపురం దగ్గర కలిసే తుంగభద్ర, ఇవన్నీ ఆ ఇసుకను కృష్ణకు అందించాయి. కృష్ణ తీసుకుపోయి సముద్రంలో పోస్తే, అలలు దాన్ని తీరం వెంట పంచాయి. ఒడ్డున పడి ఆరిన ఇసుకను గాలి ఎత్తుకుంటుంది. ఇక్కడి నుంచే మొక్కల పని మొదలు.

గాలికి ఇసుక రేణువు పైకెగిరి చాలా దూరం పోదు. నేలకు దగ్గరగా గెంతుతూ గెంతుతూ పోతుంది. దారిలో ఒక చిన్న మొక్క అడ్డం వస్తే అక్కడ గాలి వేగం తగ్గి, రేణువు ఆ మొక్క వెనకాల పడిపోతుంది. అలా పడీ పడీ కుప్పవుతుంది. మామూలు మొక్కైతే ఇసుకలో పూడి చచ్చిపోవాలి. ఒడ్డున ఇసుక దిబ్బల మీద పెరిగే మొక్కలు మాత్రం పూడినకొద్దీ పైకి పెరుగుతాయి, పూడిన కణుపుల దగ్గర కొత్త వేళ్లు వేస్తాయి. మొక్క పెరిగితే ఇంకా ఇసుక ఆగుతుంది. ఇసుక ఆగితే మొక్క ఇంకా పైకి వస్తుంది. దిబ్బ పెరిగేది ఇట్లా. ఈ ఒక్క సంగతి బాగా అర్థం చేసుకోండి, మిగిలినవన్నీ దీన్నిబట్టే తెలుస్తాయి.

నీళ్లకు అందరికంటే దగ్గరగా పాకేది బలబంద తీగ. ఆకు చివర రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది. పొద్దున ఊదా రంగు పూలు విచ్చుకుంటాయి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. దాని గింజలు ఉప్పునీళ్ల మీద తేలుతూ నెలల తరబడి బతికి, ఎక్కడో ఒడ్డు తగిలినప్పుడు మొలుస్తాయి. అందుకే వేడి దేశాల తీరాల్లో దాదాపు అన్నిచోట్లా ఈ తీగ ఉంది. దాని పక్కనే రావణాసురుని మీసాలు అనే గడ్డి ఉంటుంది. ఆకు కొనలు సూదుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి చెప్పులు విప్పకండి. అందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్క గింజల గుత్తి జానెడు వెడల్పున ముళ్ల బంతిలా తయారై, ఎండాక ఊడి, గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. పోయినచోటల్లా గింజలు రాలుస్తుంది. అది దొర్లడం చూస్తే మీరు దాని వెంట పరుగెత్తకుండా ఉండలేరు.

ఈ రెండూ ఇసుకను కాస్త నిలబెట్టాక, వెనక వరుసలో పొదలు వస్తాయి. నీరువావిలి, మొగలి, మన జిల్లేడు కూడా అక్కడ ఉంటుంది. వెంపలి కనబడితే గుర్తుపడతారు కదా, మన చెలక గట్ల మీద ఉండేదే. ఇంకా వెనక్కి పోతే తాళ్లు, జీడిమామిడి. సముద్రం నుంచి లోపలికి నడుస్తుంటే మొక్క ఎత్తు మెల్లమెల్లగా పెరగడం కళ్లారా చూడొచ్చు. ముందు వరుస పొదలు పొట్టిగా ఉండడానికి కారణం ఉప్పుగాలి. తలెత్తిన ప్రతి చిగురునూ ఆ ఉప్పు మాడ్చేస్తుంది. చిగురు పక్కకే పోవాలి, కిందికే ఒదగాలి. మన పాలమూరు కంటే అక్కడ వాన ఎక్కువే. అయినా ఇసుకలో నీళ్లు నిలవవు, పైగా గాలి నిండా ఉప్పు. అందుకే వాటికీ మన గుట్టల మీది మొక్కల్లాగే దళసరి ఆకులు, లోతుగా పోయే వేళ్లు.

నీళ్లు నిలవవు అన్నాను కానీ, అవి ఎక్కడికి పోతాయో తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, కిందనున్న ఉప్పునీళ్ల మీద మంచినీళ్ల పొరగా తేలుతుంది. మంచినీళ్లు తేలిక కదా. బాపట్ల చుట్టుపక్కల రైతులు ఇసుకలో లోతు తక్కువ గుంటలు తవ్వి ఆ నీళ్లు తోడుకుంటారు. వాటిని దొరువులు అంటారు. సముద్రానికి అంత దగ్గరలో ఆ నీళ్లతో కూరగాయలు పండిస్తారు. మరీ లోతుగా తవ్వినా, మోటారుతో ఎక్కువ లాగినా ఉప్పునీళ్లు పైకొస్తాయి. ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూసిన మన జిల్లా పిల్లలకు మంచినీళ్ల విలువ నేను చెప్పాల్సిన పని లేదు. దిబ్బను చదును చేస్తే ఆ పొర పలచబడుతుంది.

దిబ్బలు తుఫాను అలలను కొంత అడ్డుకుంటాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. అంత పెద్ద ఉప్పెనను దిబ్బ ఒక్కటే ఆపుతుందని నేననను. చిన్న తుఫాన్లలో మాత్రం ముందు దెబ్బ తినేది దిబ్బే. కోసుకుపోయిన ఇసుకను తర్వాత మళ్లీ కూడబెట్టేది ఈ తీగలే.

నాకు బెంగగా ఉన్నది ఇక్కడే. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన అయింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పైన శ్రీశైలం, జూరాల వచ్చాయి. ఎడమ కాలువ లేకపోతే మిర్యాలగూడకు వరి లేదు, కాబట్టి డ్యాం కట్టడం తప్పని నేను చెప్పడం లేదు. కానీ నది మోసుకొచ్చే ఇసుకా ఒండ్రూ చాలా మటుకు డ్యాముల వెనకే ఆగిపోతున్నాయి. సముద్రానికి అందేది బాగా తగ్గింది. కొత్త ఇసుక తక్కువగా వచ్చే తీరంలో ఉన్న ఇసుకను పట్టి ఉంచే మొక్క ఇంకెంత విలువైనదో ఆలోచించండి. సరిగ్గా ఆ మొక్కలనే పిచ్చిమొక్కలని పీకి, దిబ్బలు చదును చేసి, రిసార్టులు కడుతున్నారు. బండ్లు వాటి మీద నుంచే పోతాయి. కేంద్ర ప్రభుత్వం 1991లోనే తీరప్రాంత నిబంధనలు తెచ్చింది. ఇప్పటి నిబంధనల్లో ఇసుక దిబ్బలు గట్టి రక్షణ ఉన్న మొదటి తరగతిలో ఉన్నాయి. అమలు కూడా అంత గట్టిగా ఉండాలి.

సరుగుడు తోటలు కూడా చూస్తారు. అవి ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన చెట్లు. గాలికి అడ్డంగా వెనక వరుసలో ఉంటే మంచిదే. నీళ్ల అంచుదాకా నాటితే మాత్రం కింద రాలిన ఆకుల్లో తీగలు బతకవు, తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు మిగలదు. ఆ తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రాత్రిపూట, వెనకనున్న దిబ్బల చీకటిని వదిలి వెలుతురున్న సముద్రం వైపు నడుస్తుంది. దిబ్బ పోయి అక్కడ కరెంటు దీపాలు వెలిగితే అది రోడ్డు వైపు పోతుంది.

కాబట్టి నీళ్ల దగ్గరికి పోయేటప్పుడు అందరూ నడిచే దారినే నడవండి, తీగల మీద నుంచి పోకండి. బలబంద తీగ ఒకటి పట్టుకుని, పీకకుండా, ఎన్ని కణుపుల దగ్గర వేళ్లు దిగాయో లెక్కపెట్టండి. దొరువు కనబడితే ఆ చేను వాళ్లను అడిగి, లోతెంతో, ఎండాకాలం నీళ్లుంటాయో లేదో కనుక్కోండి. ఆ రెండూ నాకు రాసి పంపండి.

మీ తాత,
నల్లగొండ