నల్లటి విరేచనాలతో వచ్చిన రోగి: అపోహలు, వాస్తవాలు

అపోహ: "కడుపులో నొప్పే లేదు సార్, అల్సర్ ఎట్టొస్తాది?"

నొప్పి మాత్రల వల్ల పడే పుండు చాలామందిలో నొప్పే పుట్టించదు. రక్తం పోవడమే తొలి లక్షణం కావచ్చు. కనిగిరి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లు వస్తే మందుల సంచి విప్పి చూడండి, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఉందేమో. మలం తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది రక్తమే. ఐరన్ మాత్రలతోనూ నల్లగానే అవుతుంది గానీ జిగట, ఆ వాసన ఉండవు. అడిగి రాసుకోవడం కాదు, గ్లవ్ వేసుకుని మలద్వారంలో వేలితో పరీక్షించాలి.

అపోహ: హిమోగ్లోబిన్ 12 ఉంది, భయం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన ధీమా ఇదే. పోయేటప్పుడు కణాలూ ప్లాస్మా కలిసే పోతాయి కాబట్టి మిగిలిన రక్తం చిక్కదనం అప్పటికప్పుడు మారదు. పలచబడటానికి గంటలు పడుతుంది. సెలైన్ ఎక్కాక ఆ 12 కాస్తా 8 అయి కూర్చుంటుంది. తొలి గంటలో చూడాల్సింది నాడి, బీపీ, చల్లబడిన చేతులు. నాడి 100 దాటి, పై బీపీ 100 లోపుంటే షాక్ (అవయవాలకు రక్తం చాలని స్థితి) కిందే లెక్క. బీటా బ్లాకర్ (నాడి వేగం తగ్గించే బీపీ, గుండె మందు) వాడేవాళ్లలో నాడి పెరగకపోవచ్చు, మోసపోవద్దు. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) మామూలుగా ఉండి యూరియా పెరిగితే జీర్ణమార్గం పైభాగం నుంచి పోయే రక్తమని అనుమానించాలి.

రెండు చేతులకూ 16 లేదా 18 గేజి కాన్యులాలు (సిరలో పెట్టే లావు సూది గొట్టాలు) పెట్టి, గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్‌కి (దాత రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) పంపాలి. సన్నటి నీలం రంగు 22 గేజి ఒక్కటి పెట్టి నెల్లూరుకు రెఫర్ చేస్తే, దారిలో బీపీ పడినప్పుడు సెలైన్ చుక్కచుక్కగానే దిగుతుంది.

అపోహ: రక్తం ఎంత ఎక్కిస్తే అంత మంచిది.

నిలకడగా ఉన్నవాళ్లకు హిమోగ్లోబిన్ 7 లోపు పడితేనే. గుండె జబ్బుంటే 8. ధారగా పోతుంటే మాత్రం అంకె కోసం ఆగొద్దు. సిర్రోసిస్‌లో (కాలేయం గట్టిపడిన జబ్బు) అతిగా ఎక్కిస్తే పోర్టల్ పీడనం (కాలేయానికి వెళ్లే సిరలో ఒత్తిడి) పెరిగి రక్తస్రావం తిరగబెడుతుంది.

అపోహ: ట్రానెక్సామిక్ ఇంజెక్షన్ (రక్తం గడ్డ కరగకుండా చూసే మందు), ముక్కు గొట్టంలో ఐసు నీళ్లు ఇస్తే రక్తం ఆగిపోతుంది.

2020లో వచ్చిన హాల్ట్-ఐటీ ట్రయల్‌లో ట్రానెక్సామిక్‌ని పరీక్షిస్తూ సుమారు 12,000 మందిని చూశారు: మరణాలు తగ్గలేదు, సిరల్లో గడ్డలు పెరిగాయి. ఐసు నీళ్లతో ఒరిగేదేమీ లేదు.

అపోహ: రాగానే ఎండోస్కోపీ చేసేయాలి.

ముందు బీపీ నిలబెట్టాలి. ఆపైన 24 గంటల్లోపు చాలు. వేరిసెస్ (కాలేయ జబ్బుతో అన్నవాహికలో ఉబ్బిన సిరలు) అనుమానముంటే 12 గంటల్లోపు. కాలేయ రోగికి ఎండోస్కోపీ దాకా ఆగకుండా టెర్లిప్రెసిన్ (రక్తనాళాలను బిగించే మందు) 2 మి.గ్రా. నాలుగు గంటలకోసారి (గుండె రక్తనాళాల జబ్బుంటే వద్దు), సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రా. రోజూ. తరచూ మరిచిపోయేది ఈ యాంటీబయాటిక్‌నే.

అపోహ: ఆస్పిరిన్ ఇక జన్మలో వద్దు.

గుండె రక్తనాళంలో స్టెంట్ ఉన్నవాళ్లకు అలా చెప్పడం ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం ఆగాక గుండె డాక్టరుతో మాట్లాడి, సాధారణంగా 1–3 రోజుల్లో పాంటాప్రజోల్ (కడుపులో ఆమ్లం తగ్గించే మందు) తోడుగా మళ్లీ మొదలుపెట్టాలి. డైక్లోఫెనాక్ సంగతి వేరు, అది ఆపాల్సిందే. హెచ్.పైలోరీ (అల్సర్ తెచ్చే బాక్టీరియా) పరీక్ష రక్తస్రావం సమయంలో నెగెటివ్ వచ్చినా నమ్మకండి. తర్వాత మళ్లీ చేయించమని డిశ్చార్జి కాగితం మీదే రాయండి.