ముందు షాక్స్ మెత్తగా ఉన్నాయన్నారు కదా

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరు చెప్పింది విన్నప్పట్నుంచీ ఇదే ఆలోచిస్తున్నా. ట్రయల్స్ బండికి (కాలు నేలకి తగలకుండా రాళ్ళూ గుట్టలూ దాటే పోటీ బండి) ముందు షాక్స్ మెత్తగా ఉన్నాయి తాతయ్యా, ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచే సర్దుబాటు) చివరిదాకా బిగించేశాం, అయినా బ్రేకు పట్టుకుంటే ముక్కు నేలకేసి దిగిపోతోంది అన్నారు. బిగించినా ఎందుకు మారలేదో ముందు అది అర్థం చేసుకోండి, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

ప్రీలోడ్ స్ప్రింగుని గట్టిపరచదు నాయనా. మీ స్ప్రింగు ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి 6 న్యూటన్ల బలం అడుగుతుంది అనుకోండి, దాన్ని ముందే 10 మిల్లీమీటర్లు నొక్కి పెట్టినా ఆ తర్వాత ప్రతి మిల్లీమీటరుకీ అడిగేది అదే 6, ఒక్కటి కూడా ఎక్కువ అడగదు. మారేదల్లా బండి నిలబడే ఎత్తు. చివరిదాకా బిగిస్తే ముందు భాగం పైకి లేచి కూర్చుంటుంది, చక్రం గుంటలోకి దిగాల్సినప్పుడు దిగడానికి ప్రయాణం (షాక్స్ పైకీ కిందికీ కదిలే దూరం) మిగలదు, అప్పుడు రాళ్ళ మీద గ్రిప్పు పోతుంది. మనకేమో కాలు ఒక్కసారి నేలకి తగిల్తే 1 పెనాల్టీ పాయింటు, పడిపోతే 5, అందుకే ఆ గ్రిప్పే మన ప్రాణం.

అందుకని ముందు ప్రీలోడ్ వెనక్కి తిప్పేసి, టైర్లో గాలి చూడండి (ముందు టైరుకి 6 పీఎస్ఐ అటూ ఇటూ), ఆ తర్వాత శాగ్, అంటే మీ బరువుకి షాక్స్ ఎంత కిందికి దిగుతాయో, కొలవండి. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు (ముందు షాక్స్ జత) పొడవు ఒకసారి, హెల్మెట్టూ బూట్లూ అన్నీ వేసుకుని ఫుట్‌రెస్టుల మీద నిలబడి ఇంకోసారి, టేపు మాత్రం రెండోవాళ్ళు పట్టుకోవాలి. కూర్చుని కొలిస్తే లెక్క తప్పు, మనం నడిపేది నిలబడే కదా. చాలా బళ్ళకి ముందు ప్రయాణం 170 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటుంది, అందులో మూడో వంతు, అంటే 55 అటూ ఇటూ దిగితే సరిపోతుంది. ప్రీలోడ్ మధ్యలో ఉన్నా 75, 80 దిగిపోతోందంటే స్ప్రింగు మీ బరువుకి చాలట్లేదు, లేదా పాతదై కుంగిపోయింది. బయటికి తీసి పొడవు మాన్యువల్లో అంకెతో పోల్చండి, పొట్టిదైపోతే మార్చాల్సిందే, బిగించి లాభం లేదు.

శాగ్ సరిగ్గానే ఉండి, పెద్ద మెట్టు దిగినప్పుడు మాత్రమే కిందికి ఠక్కున కొడుతోందా, అప్పుడు ఆయిల్ లెవెల్ చూడాలి. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కండి, మొదట్లో తేలిగ్గా వెళ్ళి చివర్లో మొరాయిస్తుంది చూశారా, ఫోర్కులో ఆయిల్ పైన ఉండే గాలీ అంతే. ఆయిల్ పెంచితే గాలికి చోటు తగ్గి చివర్లో గట్టిపడుతుంది, మొదట్లో ఉండే మెత్తదనం దాదాపు అలాగే ఉంటుంది, నాకైతే ఈ పద్ధతే చాలా ఇష్టం. స్ప్రింగు తీసేసి, ఫోర్కు పూర్తిగా నొక్కి, పైఅంచు నుంచి ఆయిల్ దాకా కొలవాలి. ఒక్కసారికి 5 మిల్లీమీటర్లే మార్చండి.

చిక్కటి ఆయిల్ పోద్దామా అని చిన్నా అడిగాడు కదా, వద్దురా. నేను కూడా ఒకప్పుడు స్ప్రింగు సంగతి చూడకుండా 5 నంబరు పల్చటి ఆయిల్ తీసేసి 15 నంబరు చిక్కటిది పోశాను, పార్కింగులో నొక్కి చూస్తే భలే గట్టిగా అనిపించింది, తీరా వరసగా రాళ్ళున్న చోటికి వెళ్తే ఒక రాయి దాటాక ఫోర్కు పైకి లేచేలోపే రెండోది వచ్చేసి ఇంకా కిందికి కుంగి, మూడో రాయికి నేను హ్యాండిల్ మీదుగా అవతల పడ్డా, మణికట్టు నెలరోజులు నొప్పే. రీబౌండ్ స్క్రూ (ఫోర్కు ఎంత వేగంగా తిరిగి పైకి లేవాలో సర్దేది) అతిగా మూసినా ఇదే జరుగుతుంది.

ఇంకో మాట, చక్రం ఇరుసు బిగించాక దాని పక్కనుండే పించ్ బోల్టు (ఇరుసుని ఒడిసిపట్టేది) వెంటనే బిగించకండి, బ్రేకు పట్టుకుని ఫోర్కు నాలుగుసార్లు నొక్కి వదిలాక బిగించండి, లేకపోతే ఫోర్కు గొట్టాలు రెండూ వంకరగా పట్టేసి సరిగ్గా కదలవు.

ఫోర్కు గొట్టానికి ఒక సన్న కేబుల్ టై కట్టండి, ఎంత ప్రయాణం వాడుతున్నారో అదే చూపిస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చి నోటుబుక్కులో రాయండి. పైమూత విప్పేటప్పుడు మాత్రం చక్రం గాల్లో ఉండాలి, మొహం పక్కకి పెట్టుకోవాలి, లోపల స్ప్రింగు ఒత్తిడికి మూత ఎగిరొస్తుంది, ఆ పని మీ ఇద్దరే చెయ్యకండి, పెద్దవాళ్ళెవరన్నా పక్కన ఉండగానే చెయ్యండి. శాగ్ అంకెలు రాగానే నాకు పంపండి, స్ప్రింగు మార్చాలో వద్దో అవి చూసి చెప్తా.

మీ తాతయ్య