నట్లు ఎక్కడికీ పరిగెత్తవు: ఫ్రెంచి సైనిక, సాంకేతిక అనువాదంపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగువాళ్ళెవరైనా నా వృత్తి గురించి అడిగితే, ఫ్రెంచి సైనిక, సాంకేతిక పత్రాలను ఇంగ్లీషులోకి మారుస్తానని చెబుతాను. కొందరు వెంటనే గొంతు తగ్గించి, "అయితే రహస్యాలన్నీ మీకు తెలుస్తాయన్నమాట!" అంటారు. మిగిలినవాళ్ళు "ఇప్పుడవన్నీ కంప్యూటరే చేసేస్తోంది కదమ్మా" అని జాలిపడతారు. పద్నాలుగేళ్ళుగా రెండూ వింటున్నాను. ఈసారి కూర్చుని సమాధానం రాస్తున్నాను.

అపోహ: సైనిక అనువాదమంటే రహస్యాలతో పని.

నా చేతికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం విడిభాగాల జాబితాలు, మరమ్మతు సూచనలు, శిక్షణ పాఠాలు, టెండరు పత్రాలు. మొన్న ఒక వారమంతా హైడ్రాలిక్ పంపును చెక్కపెట్టెలో ఎలా సర్దాలో చెప్పే పత్రంతోనే గడిచింది. గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టే మాట నిజమే. ఆ ఒప్పందం కాపాడేది చాలావరకు గ్రీజు రకాలను.

బెంగళూరులో ఈ పనికి కొదవ లేదు. ఇక్కడి విమానాల కర్మాగారం హెచ్‌ఏఎల్‌లో 1960ల నుంచి తయారవుతూ వచ్చిన చేతక్ హెలికాప్టర్ పుట్టుకతో ఫ్రెంచిది. దాని అసలు పేరు ఆలూయెత్, అంటే భరతపక్షి. చీతా హెలికాప్టరూ ఫ్రెంచి పుట్టుకదే. 1985లో మన వాయుసేనలో చేరిన మిరాజ్-2000, ఆ తరువాత వచ్చిన రఫేల్, ధ్రువ్ హెలికాప్టర్‌లోని శక్తి ఇంజను... అన్నిటి వెనకా ఎక్కడో ఒక ఫ్రెంచి పుట ఉంటుంది.

అపోహ: ఇంగ్లీషు సైనిక పదాలు సగం ఫ్రెంచి నుంచే వచ్చాయి, కాబట్టి సులువు.

నా అనుభవంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పదాలు వచ్చిన మాట నిజం. లెఫ్టినెంట్, కర్నల్, సార్టీ, కామఫ్లాజ్, ఫ్యూజలాజ్, హ్యాంగర్ అన్నీ ఫ్రెంచి నుంచి వచ్చినవే. (మనమేమీ తక్కువ తినలేదు. మన 'ఫిరంగి' ఫ్రాంకుల పేరు పారశీకం మీదుగా తిరిగి తిరిగి వచ్చిన మాట.) కానీ అత్తారింటికి వెళ్ళిన మాట పుట్టింటి అర్థంతోనే ఉండిపోదు.

హోదాలే చూడండి. ఫ్రెంచి 'మజోర్' మన మేజర్ కాడు. అసలు ఆఫీసరే కాడు. ఆఫీసర్ల కింది శ్రేణిలో అన్నిటికన్నా పై మెట్టు అది. ఆ మాట వినగానే మనకు మేజర్ కాదు, సుబేదార్ మేజర్ గుర్తుకు రావాలి. మన మేజర్‌కు సమానమైన హోదా 'కొమాందాం'. దాన్ని కమాండెంట్ అని రాశారో, ఒక మేజర్‌ను ఏ అకాడమీకో అధిపతిని చేసి కూర్చోబెట్టినట్టే. 'అజ్యుదాం' అన్నదీ అంతే. ఇంగ్లీషు అడ్జుటెంట్ కార్యాలయ వ్యవహారాలు చూసే ఆఫీసరు, ఫ్రెంచి అజ్యుదాం ఆఫీసరు కాని సైనికుడు.

నక్షత్రాలు లెక్కపెట్టి హోదా నిర్ణయిద్దామనుకుంటే అదీ కుదరదు. ఫ్రెంచి సైన్యంలో బ్రిగేడ్ జనరల్ భుజాన రెండు నక్షత్రాలుంటాయి. ఆయనకు సమానుడైన మన బ్రిగేడియర్ కారు పలక మీద ఉండేది ఒక్కటే. రెండు నక్షత్రాలు చూసి మేజర్ జనరల్ అని రాస్తే, ఒక్క వాక్యంతో ఆయనకు పదోన్నతి ఇచ్చేసినట్టు. నౌకాదళానికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మన నేవీ లెఫ్టినెంట్‌కు సమానమైన ఆఫీసరును అక్కడ 'కపితేన్' అని పిలుస్తారు. మన నేవీ కెప్టెన్‌కు సమానుడిని పిలిచేది 'కొమాందాం' అని. సంభాషణలున్న శిక్షణ పాఠం వస్తే ముందు ఒక కాగితం మీద ఎవరెవరో గీసుకోకుండా నేను మొదటి వాక్యం ముట్టుకోను.

వస్తువుల సంగతి ఇంతకన్నా చమత్కారంగా ఉంటుంది. 'ఆంజాన్' చూసి ఇంజను అనుకుంటాం, అది యంత్రం కావచ్చు, కవచ వాహనం కావచ్చు, క్షిపణి కావచ్చు. ఇంజనుకు వాళ్ళ మాట 'మొతర్'. 'ఎసాంస్' అంటే పెట్రోలు, 'పెత్రోల్' అంటే ముడిచమురు. ట్రక్కులో ఎసెన్స్ నింపమని రాస్తే సేమ్యా పాయసం వాసన వస్తుంది తప్ప బండి కదలదు. 'ఫ్యూజే' ఆకాశంలోకి లేస్తే రాకెట్టు. అదే మాట శతఘ్ని గుండు ముక్కు మీద బిగించే భాగానికి వాడితే, గుండును పేల్చే సాధనం. దాన్ని ఇంగ్లీషులో 'ఎస్' బదులు 'జడ్' అక్షరంతో ఫ్యూజ్ అని రాయాలి. 'ఎస్'తో రాస్తే చాలామందికి ఇంట్లో కరెంటు ఫ్యూజు గుర్తుకొస్తుంది.

మరో జంట ఉంది, నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేసేది. 'కోంత్రోల్' అంటే చాలా సందర్భాల్లో కంట్రోల్ కాదు, తనిఖీ. కంట్రోల్ అనదగ్గది 'కొమాంద్'. విమానం నడిపే మీటలూ పెడళ్ళూ అన్నీ కొమాందులే. రెండు మాటలూ కుర్చీలు మార్చుకుని కూర్చున్నాయి. 'సెక్యురితే', 'స్యుర్తే'లదీ అదే వరస. విమానయానంలో మొదటిది ప్రమాదాల నుంచి భద్రత, రెండోది దుండగుల నుంచి రక్షణ. అణు కేంద్రానికి వెళ్తే రియాక్టరు ప్రమాదాల నుంచి భద్రతకు 'స్యుర్తే' అంటారు. రంగం తెలియకుండా ఆ వాక్యాన్ని అనువదించలేము.

అపోహ: ఫ్రెంచి బాగా వస్తే చాలు.

ఫ్రెంచి నేర్పే వసంతనగర్ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో మెట్టు మెట్టుగా పరీక్షలు పాసై బయటికొచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మూడో ఏడు ఒక మరమ్మతు పుస్తకం వచ్చింది. అందులో నట్లను 'ఫ్రెనే' చేయమని ఉంది. ఫ్రెనే అంటే బ్రేకు వేయడం. నిఘంటువూ అదే చెప్పింది. నేనూ నట్లకు బ్రేకు వేయమని ఇంగ్లీషులో పొందికగా రాసి, సరిచూసే పెద్దాయనకు పంపాను. గుడివాడ నుంచి నలభై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, హెలికాప్టర్ల కింద పడుకుని పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. సాయంత్రానికల్లా ఫోను.

"అమ్మాయ్, ఈ నట్లు ఎక్కడికి పరిగెడుతున్నాయని బ్రేకు వేయమంటున్నావు?"

"నిఘంటువులో అలాగే ఉంది బాబాయి గారూ" అన్నాను.

"నిఘంటువు ఎప్పుడైనా స్పానర్ పట్టుకుందా? ఆదివారం ఇంటికి రా."

మురుగేశ్‌పాళ్యలో ఆయన ఇంటికి వెళ్ళాను. పిన్ని గారు కాఫీ ఇచ్చేలోపు సొరుగులోంచి రెండు బోల్టులు తీసి, బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి పెట్టారు. బోల్టు తలలకు అడ్డంగా సన్నని రంధ్రాలున్నాయి. ఒకదానిలోంచి సన్నటి ఉక్కుతీగ దూర్చి, రెండు కొసలూ కలిపి జడలా మెలితిప్పి, పక్క బోల్టు రంధ్రంలోకి లాగారు. "ఇప్పుడు ఈ బోల్టు వదులు కావాలని చూసిందనుకో, తీగ దాన్ని బిగిసే వైపే లాగుతుంది. అటువైపు లాగేలా కట్టాలి, అదే కిటుకు. హెలికాప్టరు రోజంతా వణుకుతూనే ఉంటుంది కదా!" అని తీగ కొసను లోపలికి వంచేశారు, చేతికి గుచ్చుకోకుండా. ఇంగ్లీషులో ఆ పనికి మాట 'లాక్'. తీగతో కట్టమంటే 'లాక్‌వైర్'. ఆ రెండు బోల్టులూ ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి, అడిగి తెచ్చుకున్నాను.

ఆ తరువాత నుంచి ఒక వాక్యం అనువదించే ముందు దాన్ని చదివే మనిషి చేతిలో ఏ పనిముట్టు ఉందో ఊహించుకుంటాను. అది ఊహకు అందకపోతే ఎవరినో ఒకరిని అడుగుతాను. సిగ్గుపడను.

అపోహ: అంకెలకు అనువాదం అక్కర్లేదు.

ఫ్రెంచివాళ్ళు దశాంశ బిందువు స్థానంలో కామా పెడతారు. వేల దగ్గర కామా బదులు చిన్న ఖాళీ వదులుతారు. కాబట్టి బిగింపు బలాల పట్టికలో '1,250' అని కనిపిస్తే అది పన్నెండు వందల యాభై కాదు, ఒకటింబావు. పైగా వాళ్ళకు డెకాన్యూటన్ (పది న్యూటన్లు) అంటే ప్రీతి. ఆ ఒకటింబావు డెకాన్యూటన్ మీటర్లు మనకు 12.5 న్యూటన్ మీటర్లు.

కామాను వేలుగా చదివితే మరీ ప్రమాదమేమీ లేదు. వచ్చే అంకె ఎంత అసంబద్ధంగా ఉంటుందంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. కామాను సరిగ్గానే చదివి, 'డెకా'ను మరచిపోవడం అసలు భయం. అప్పుడు 1.25 న్యూటన్ మీటర్లు అవుతుంది. చిన్న బోల్టుకు అది నమ్మదగ్గ అంకెలాగే ఉంటుంది, ఎవరూ కన్నెత్తి చూడరు, బోల్టు వదులుగా మిగిలిపోతుంది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఒకసారి ఇదే చేశాడు. అందుకే పట్టికలను మా ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మరొకరు సరిచూస్తాం.

ఒప్పందాల్లో డబ్బు దగ్గర ఇంకో మాట. ఫ్రెంచి 'మిల్యార్' వంద కోట్లు, అంటే నేటి ఇంగ్లీషు బిలియన్. ఫ్రెంచి 'బిల్యోన్' లక్ష కోట్లు. తెలుగులో కోట్లలోకి మార్చుకుని చూస్తే నాకు తప్పు ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: మంచి ఇంగ్లీషు, అంటే అందమైన ఇంగ్లీషు రావాలి.

ఇక్కడ అందం అనర్థం. 1980ల్లో యూరప్ విమాన పరిశ్రమ 'సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్' అనే నియమావళి తయారు చేసుకుంది. పని సూచించే వాక్యంలో ఇరవై మాటలు మించకూడదు. ఒక మాటకు ఒకే అర్థం. 'క్లోజ్' అంటే మూయడమే, దగ్గర అనే అర్థంలో రాయకూడదు. ఫ్రెంచి రచయితకేమో ఒకే మాట రెండుసార్లు వాడటం నామోషీ. పంపును ఒకచోట పంపు అంటాడు, మరోచోట పరికరం అంటాడు, మూడోచోట 'ఇది' అని వదిలేస్తాడు. మెకానిక్ అది మూడు వస్తువులనుకుంటాడు. కవి పోకడలన్నీ కత్తిరించి, పదిసార్లూ పంపును పంపు అనే రాస్తాను.

అపోహ: సంక్షిప్త నామాలను అలాగే వదిలేయవచ్చు.

ఓతాన్ అంటే నాటో. అక్షరాలు తిరగేశారు, అంతే. కొన్ని ఇలా కలిసొస్తాయి. 'పీసీ' అని ఉంటే మాత్రం ఆగి చూడాలి. సైనిక పత్రంలో అది తరచుగా కమాండ్ పోస్టు, బల్ల మీద కంప్యూటర్ కాదు.

అపోహ: యంత్రానువాదం వచ్చాక మీ పని అయిపోయింది.

దాన్ని తిట్టను, ఉపయోగం ఉంది. కానీ చాలామంది ఖాతాదారులు పత్రాలను బయటి సర్వర్లకు ఎక్కించనివ్వరు. ఇక నా అసలు ఫిర్యాదు, అది తప్పును కూడా చక్కటి వాక్యంలో చెబుతుంది. 'సెల్యుల్' అనే మాట ఒక పుటలో రెక్కలతో సహా విమాన దేహం, మరో పుటలో కాంతిని పసిగట్టే ఘటం, ఇంకో పుటలో అత్యవసర బృందం. యంత్రం మొదటి రెండూ సరిగ్గా పట్టి మూడోదానిలో జారితే, నున్నటి ఆ వాక్యాల మధ్య జారిన చోటు వెతకడానికి నాకు మొదటి నుంచి అనువదించినంత సమయమే పడుతుంది. ధర మాత్రం సగమే ఇస్తామంటారు.

ఇప్పుడు నా ముందున్న పుటలో 'దుయ్' అనే మాట ఉంది. పేలిపోయిన తూటా మిగిల్చే డొల్ల అదే, బల్బు పెట్టే హోల్డరూ అదే, స్పానర్ కొసన తగిలించే సాకెట్టూ అదే. పక్కనుండాల్సిన బొమ్మ స్కానింగులో పోయింది. ఖాతాదారుకు ఉత్తరం రాసి, ఆ మాట మీద పసుపు రంగు పులిమాను. బొమ్మ వచ్చేదాకా అది అలాగే ఉంటుంది.