క్రైమ్ డ్రామాలో నవ్వు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సీరియస్ కథలో నవ్వు పెడితే బిగువు సడలిపోతుంది.

వాస్తవం: ఎపిసోడ్ అంతా ఒకే బిగువు మీద నడిస్తే చూసేవాళ్లు అలసిపోయి ఫోన్ తీస్తారు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడనే దొంగ జంధ్యంతో కొలతపెట్టి చారుదత్తుడి ఇంటి గోడకు కన్నం వేస్తాడు. లోపల చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ నగలను తన చేత్తోనే దొంగకు అందిస్తాడు. నవ్వొస్తుంది. ఆ నగలు చారుదత్తుణ్ని ప్రేమించిన వసంతసేన దాచమని ఇచ్చినవి. తెల్లారేసరికి చారుదత్తుడి మాట పోయేటట్టుంది, భార్య తన రత్నహారం తీసి ఇవ్వాల్సి వస్తుంది. నవ్వించిన చోటే కథ మలుపు తిరిగింది.

అపోహ: అందుకు ఒక కమెడియన్ కావాలి.

వాస్తవం: తెలిసిన కమెడియన్ కనబడగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు, ఇక శవం ఎవరికీ పట్టదు. నవ్వు చేసే పనిలోంచే పుట్టాలి. వరంగల్ వైపు పరకాల దగ్గర వ్యవసాయ బావిలోంచి శవం తీశారనుకోండి. ఎస్సై చెబుతుంటే స్టేషన్ రైటర్ శవ పంచనామా (శవాన్ని సాక్షుల ముందు పరిశీలించి రాసే నివేదిక) రాస్తున్నాడు. చేయి అలవాటుకొద్దీ పాత నేర విచారణ చట్టంలోని సెక్షన్, సీఆర్‌పీసీ 174 అని రాసి, కొట్టేసి, బీఎన్‌ఎస్‌ఎస్ 194 అని దిద్దుతాడు (బీఎన్‌ఎస్‌ఎస్ అనే ఈ కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది). పంచుగా, అంటే సాక్షిగా, నిలబెట్టిన పత్తి రైతు పెన్ను పట్టుకొని ఆగిపోతాడు: "సారూ, గిది ప్రామిసరీ నోటైతె కాదు గదా?" వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలి, అప్పు కోసం తెల్లకాగితం మీద సంతకం పెట్టినోడి భయం అది. అతనూ నవ్వకూడదు, ఎస్సై కూడా నవ్వకూడదు. చనిపోయినవాడు వడ్డీలకిచ్చే మనిషని రెండు ఎపిసోడ్ల తర్వాత తేలితే, ఆ మాటే రైతు మీద అనుమానమై కూర్చుంటుంది.

అపోహ: తెలంగాణ యాస పెడితే చాలు, నవ్వు అదే వస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఎస్పీ పుస్తకాల తెలుగు మాట్లాడుతూ, హోంగార్డూ చాయ్ అమ్మేటాయనా మాత్రమే యాసలో మాట్లాడితే మీరు నవ్విస్తున్నది వరంగల్‌ను చూపించి. "పొద్దుగాల సద్ది కట్టుకొని పోయిండు సారూ నా కొడుకు" అని తల్లి ఏడ్చేదీ, హంతకుడు నేరం ఒప్పుకునేదీ అదే యాసలో ఉండాలి.

అపోహ: మ్యూజిక్‌తో నవ్వు అందించాలి.

వాస్తవం: వద్దు. బావి మోటారు చప్పుడు, కాకుల అరుపు అలాగే ఉంచండి. మాట పూర్తయ్యాక విన్నవాడి ముఖానికి కట్ చేసి సెకనున్నర ఆగండి. ఆ నవ్వు ఘట్టం మొత్తం అర నిమిషం దాటనివ్వొద్దు. ఆధారం బయటపడే డైలాగ్‌ను నవ్వు వెనకాలే పెడితే ఎవరికీ వినబడదు. ముందే చెప్పించండి, లేదా రెండు మూడు సెకన్లు ఖాళీ వదలండి.

అపోహ: సమయం కుదిరితే ఎక్కడైనా పెట్టొచ్చు.

వాస్తవం: మార్చురీ బయట కానిస్టేబుల్ జిరాక్స్ షాపు కోసం తిప్పలు పడటం నవ్విస్తుంది. లోపల తండ్రి గుడ్డ తొలగించి ముఖం చూసేటప్పుడు ఆ కానిస్టేబుల్ ఫ్రేమ్‌లో ఉండనే కూడదు. రెండింటి మధ్య మూసిన తలుపు షాట్ ఒకటి వేయండి.