టెన్నిస్ రాకెట్ కొనేముందు జర ఇది చదవుండ్రి

చిన్నూ, అమ్ములూ,

టెన్నిస్ నేర్చుకుంటం రాకెట్ కొనియ్యిమని ఇంట్ల ఇద్దరు ఒక్కటే లొల్లి చేస్తున్నరంట, మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. మంచిదే బిడ్డా, గని దుకాణానికి పోయేముందు ఈ పెద్దబాపు చెప్పేది జర ఓపికతోని చదవుండ్రి.

పెద్దోళ్ల రాకెట్ 27 అంగుళాలు ఉంటది. మన దగ్గర ఏం జేస్తరంటే పిల్లలు ఎట్లనో పెరుగుతరు గద అని అదే కొనిస్తరు, స్కూల్ డ్రెస్సుకు ఆ లెక్క నడుస్తది గని ఇక్కడ నడ్వది, బరువుకు చెయ్యి లేటుగ వస్తది, బంతి దాటిపోయినంక రాకెట్ తిరుగుతది, ఇగ పిల్లలు హ్యాండిల్ మధ్యల పట్టుకుంటరు. పిల్లలకని 19, 21, 23, 25, 26 అంగుళాలల్ల దొరుకుతయి. నిలబడి రాకెట్ పట్టుకొని చెయ్యి కిందికి వదిలితే దాని కొస నేలకు తాకీ తాకనట్టు ఉండాలె. అదే లెక్క, దుకాణం ఆయన ఏం చెప్పినా సరే.

రాకెట్ కన్న నాకు ఎక్కువ పట్టింపు బంతి మీద. మీరు గల్లీల క్రికెట్ ఆడే టెన్నిస్ బాల్ వేరు, అసలు టెన్నిస్ ఆడే పసుపు బంతి వేరు. ఆ పసుపు బంతిని 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 53 నుంచి 58 అంగుళాల దాకా లేస్తది, అంటే మన అమ్ములు తలకాయ దాకా అన్నట్టు. అంత ఎత్తుల కొట్టనీకి పిల్ల రాకెట్‌ను ఎట్లెట్లనో వంకర తిప్పుతది, ఆ వంకర అలవాటైతే తర్వాత పోగొట్టుడు శాన కష్టం. అందుకే ఎరుపు, ఆరెంజ్, ఆకుపచ్చ బంతులు పెట్టిన్రు. ఎరుపు బంతి మెత్తగ, బాగ నెమ్మదిగ వస్తది, దానికి 36 అడుగుల చిన్న కోర్టే చాలు. ఆరెంజ్‌కు 60 అడుగులు, ఆకుపచ్చకు 78 అడుగుల పూర్తి కోర్టు. పదేండ్ల లోపు పిల్లల పోటీలల్ల మామూలు పసుపు బంతి వాడొద్దని 2012 నుంచి రూలే ఉన్నది. చిన్నూ, నీకు పదకొండు నిండినయని ఎగరకు, నువ్వు కూడ కొన్ని రోజులు ఆరెంజ్ తోనే ఆడు.

ఇగ పట్టుకునుడు. రాకెట్ ముఖం మీద అరచెయ్యి ఆనించి అట్లనే కిందికి జార్చి హ్యాండిల్ పట్టుకోండ్రి, ఫోర్‌హ్యాండ్‌కు, అంటే రాకెట్ పట్టిన చెయ్యి దిక్కు వచ్చే బంతిని కొట్టనీకి, అది సరిపోతది. షటిల్ బాగ ఆడిన పిల్లలు మణికట్టుతోని చటుక్కున కొడతరు, ఇక్కడ అట్ల కొడితే బంతి కంపౌండ్ అవతల పడ్తది. మణికట్టు గట్టిగ ఉంచి భుజం, నడుము తిప్పాలె. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్, అంటే అవతలి దిక్కు వచ్చే బంతిని రెండు చేతులతోని కొట్టుడు, కుడిచేతి వాళ్లకు లెఫ్ట్ హ్యాండ్ బ్యాటింగ్ లెక్కనే ఉంటది, చిన్నూ నువ్వు ఎడమ దిక్కు నిలబడి బ్యాటింగ్ చేస్తవ్ గద, నీకు తొందరగ వస్తది సూడు.

కాళ్ల సంగతి ఎవ్వరు పట్టించుకోరు. ఎదుటోళ్లు బంతి కొట్టే టైంకు మీరు ఉన్న జాగల్నే చిన్నగ ఎగిరి రెండు కాళ్ల మీద దిగాలె, అప్పుడు ఎటు పోవాలన్నా కాళ్లు రెడీగ ఉంటయి. ఇది ఒక్కటి అలవాటు చేసుకోండ్రి, మిగతాది కోచ్ చెప్తడు.

కోర్టు దొరకలేదని కూసోకుండ్రి, మన ప్రహరీ గోడ ఉన్నది గద. నెట్ నడుమల 3 అడుగులు ఉంటది గాబట్టి గోడ మీద ఆ ఎత్తుల సుద్దముక్కతోని గీత గీసి దాని పైన కొట్టండ్రి, మెల్లగ. గట్టిగ కొట్టుడు కాదు, పది సార్లు ఆగకుండ కొట్టుడు చూడండ్రి. సర్వీస్, అంటే పాయింటు మొదలుపెట్టే దెబ్బ, తల మీది నుంచి కొట్టరాకపోతే బంతిని కింది నుంచి కొట్టినా రూల్ ఒప్పుకుంటది, సిగ్గుపడే పని లేదు. 15, 30, 40 ఈ పాయింట్ల లెక్కలన్నీ రెండు గేములు ఆడితే అవే వస్తయి.

మన హైదరాబాద్ సానియా మీర్జా కూడ ఆరేండ్లకు మొదలుపెట్టింది, 2003ల వింబుల్డన్ జూనియర్ డబుల్స్, మళ్ల 2015ల స్విట్జర్లాండ్ ప్లేయర్ మార్టినా హింగిస్ తోని అక్కడనే పెద్దోళ్ల డబుల్స్ గెలిచింది. నడుమ పన్నెండేండ్లు, సూడుండ్రి.

ఎండలు ముదిరినయి, పొద్దుగాల ఆరింటికి పోయి ఎనిమిది లోపు ఇంటికి రావాలె. వేడికి బంతి ఇంకా ఎక్కువ లేస్తది, మీకే తిప్పలు. ఐతారం నేను కాజీపేటకు వస్త, కలిసే కొందం, అప్పటిదాక ఎవ్వరు రాకెట్ కొనొద్దు.

మీ పెద్దబాపు
హన్మకొండ