శాన్‌ఫ్రాన్సిస్కో పాట: పాడేవాళ్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

‘ఐ లెఫ్ట్ మై హార్ట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో’. అక్కడి మన తెలుగువాళ్ల కార్యక్రమాల్లో పాడాలని సరదాపడి నేర్చుకునేవాళ్లు ఉన్నారు. నేర్పేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే పొరపాట్లు ఇవి.

అపోహ: అమెరికన్ గాయకుడు టోనీ బెనెట్ తన సొంతూరి మీద బెంగతో పాడిన పాట ఇది.

వాస్తవం: ఆయన న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టారు. బెంగ రాసినవాళ్లది. స్వరం జార్జ్ కోరీ, సాహిత్యం డగ్లస్ క్రాస్. ఇద్దరూ న్యూయార్క్‌లో ఉంటూ, వదిలివచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో మీద మనసు లాగి 1950ల మొదట్లో రాశారు. బెనెట్ దగ్గర పియానో వాయించే రాల్ఫ్ షారన్ సొరుగులో ఆ నొటేషన్ చాలాకాలం అలాగే పడి ఉంది. బెనెట్ దాన్ని తొలిసారి ఆ ఊళ్లో పాడింది 1961 డిసెంబర్‌లో, నాబ్ హిల్ అనే కొండ మీది ఫెయిర్‌మాంట్ హోటల్లో.

అపోహ: రికార్డు రాగానే నంబర్ వన్ అయింది.

వాస్తవం: 1962లో అది రికార్డుకు రెండో వైపున వచ్చిన పాట. అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 19వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. గ్రామీ మాత్రం వచ్చింది.

అపోహ: కేబుల్ కార్ అంటే కైలాసగిరి మీద ఉన్నట్టు తీగ మీద వేలాడుతూ వెళ్లే పెట్టె.

వాస్తవం: ఇది తెలియకుండా పాడితే పాటలోని ముఖ్యమైన దృశ్యమే పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్ రోడ్డు మీద, పట్టాల మీద నడుస్తుంది. బండిలో ఇంజన్ ఉండదు. పట్టాల మధ్య సన్నటి చీలిక, దాని కింద గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో ఎడతెగకుండా పరిగెత్తే ఉక్కు తాడు. బండి నడిపే గ్రిప్‌మ్యాన్ పొడవాటి లీవర్‌ను వెనక్కి లాగితే కింద ఉన్న పట్టుకారు ఆ తాడును బిగించి పట్టుకుంటుంది, బండి కదులుతుంది. వదిలేసి బ్రేకు వేస్తే ఆగుతుంది. అంత నిటారు వీధిలో కింద నిలబడి చూస్తే బండి ఆకాశంలోకి ఎక్కిపోతున్నట్టే ఉంటుంది. కేబుల్ కార్లు నక్షత్రాలకు సగం దూరం దాకా ఎక్కుతాయని కవి పాటలో అన్నది అందుకే. ఫెయిర్‌మాంట్ పక్క నుంచే ఒక లైను వెళుతుంది.

అపోహ: పాటలోని పొగమంచు చలికాలపుది.

వాస్తవం: ఆ ఊరి పొగమంచుకు అసలు కాలం వేసవి. తీరం వెంట సముద్రం చల్లగా ఉంటుంది, లోపలి లోయ ఎండకు కాగుతుంది. అక్కడ వేడిగాలి పైకి లేచేకొద్దీ సముద్రపు చల్లటి తేమగాలి గోల్డెన్ గేట్ జలసంధిలోంచి లోపలికి వస్తుంది.

అపోహ: మొదట్లో వచ్చే ముక్క వదిలేసి నేరుగా పల్లవి ఎత్తుకోవచ్చు.

వాస్తవం: అది మన లలిత గీతాల్లో సాకీ లాంటిది. చాలామంది వదిలేస్తారు. మా మాట వింటే వదలకండి. పారిస్, రోమ్, మన్‌హట్టన్ పేర్లు వచ్చేది అక్కడే. అంత గొప్ప ఊళ్లు చూసినా మనసు నిలవలేదన్న మాట వినకపోతే, పల్లవి పర్యాటక ప్రకటనలా మిగులుతుంది. తాళం పట్టించుకోకుండా మాట్లాడినట్టు పాడండి, పియానో మీ వెనకే రావాలి. పల్లవికి నిమిషానికి 70 బీట్ల చుట్టుపక్కల ఉంచి చూడండి. మరీ లాగితే పాదం మధ్యలో దమ్ము చాలదు.

అపోహ: గొంతు బాగుంటే చాలు, సంగతులు వేస్తే ఇంకా అందం.

వాస్తవం: ఈ బాణీకి గమకాలు బరువు. స్వరం మీద తిన్నగా నిలబడాలి. శ్రుతి ఎంచుకునేటప్పుడు మొదటి పాదం పాడి నిర్ణయించుకుంటే చివర్లో గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే పాట అంతా పైకి వెళ్లేది అక్కడే. ముందు చివరి పాదం పాడి చూసి, ఇబ్బంది అనిపిస్తే ఒకటి రెండు అర స్వరాలు దించండి. ‘హార్ట్’లో ‘ర్‌’ను నాలుక మడిచి గట్టిగా అనకండి. ‘హా’ను నిలిపి, ‘ట్‌’ను ఆఖరి క్షణంలో తాకించి వదలండి. ఊరి పేరు నాలుగు అక్షరాల మీదా సమంగా నొక్కడం మన అలవాటు. ఊనిక ‘సిస్’ మీద పడాలి, ‘కో’ మెత్తగా జారాలి.